సెల్లార్ కాపలాకి

వంటింటి బల్ల మీద మూడు బోర్డులు.
బెండకాయ తోక విరిచి చూసే చేతితోనే
ఒక్కోటీ తీసి, వెనక్కి తిప్పి, మళ్ళీ పెడుతున్నాను.
విరిచి చూడ్డానికి వీటికి తోకల్లేవు.

మొదటిది ముప్పై రెండు బిట్లది.
వైఫై ఉంది, బ్లూటూత్ ఉంది, రెండు మెదళ్ళున్నాయట.
నాకు కావలసింది ఒక్క మాట:
సెల్లార్లోకి నీళ్ళొచ్చాయా, లేదా.
ఆ మాటకి రెండు మెదళ్ళెందుకు?
రెండోది బళ్ళో పిల్లలకి ఇచ్చేది,
ముట్టుకుంటే చాలు నవ్వుమొహం వెలిగిస్తుంది.
మూడోది ఎనిమిది బిట్ల ముసలిది,
నీలం చాప మీద వెల్లకిలా పడుకున్న
ఇరవై ఎనిమిది కాళ్ళ జెర్రి.

నాలుగోది కూడా ఉండేది.
మూడు పాయింట్ మూడు వోల్టుల దానికి
ఐదు తాగించాను.
మాడిన ఇంగువ వాసన రెండు రోజులు పోలేదు.
"మొదట చంపినదాన్ని పారేయకు," అన్నాడు డెరెక్.
అతని దగ్గర పంతొమ్మిది వందల డెబ్భైనాటిది ఉంది,
పొగాకు డబ్బాలో, దూది మీద.

టాడ్‌మర్డన్‌లో వానని ఎవరూ తిట్టరు.
మోకాలి లోతులో నిలబడి
"కాస్త తడిగా ఉంది" అంటారు.
పోయిన ఫిబ్రవరిలో కాల్డర్ నది
అడగకుండా సెల్లార్లోకి దిగి
వాషింగ్ మెషీన్ని పక్కకి జరిపి
సోనామసూరి బస్తా మొత్తం తినేసి వెళ్ళింది.
కరెంటు ముందే పోయిందట.
నేను హాలిఫాక్స్ ఆసుపత్రిలో, రాత్రి డ్యూటీలో,
ఎవరి ఊపిరో లెక్కపెడుతున్నాను.

డెరెక్ ఆక్‌రాయిడ్‌ది గోడ పక్క ఇల్లు.
నూలు మిల్లులో మోటార్లు బాగుచేసిన చెయ్యి,
ఇప్పుడు కప్పు పట్టుకుంటే టీ ఒలుకుతుంది,
సోల్డరింగ్ ఇనుము పట్టుకుంటే మాత్రం ఒలకదు.
మూడు బోర్డుల్నీ చూశాడు. కళ్ళజోడు తీశాడు.
"ఇదేం చేయగలదు అని అడక్కు.
ఏమీ చేయనప్పుడు ఎంత తింటుందో అడుగు."

అడిగాం.
జెర్రి కాగితాల మీద మైక్రోలు చెప్పింది,
మీటర్ మీద మిల్లీలు చూపించింది.
ఎవరు తింటున్నారు మిగతాది?
బోర్డు మూల నువ్వుగింజంత పచ్చదీపం.
దానికి వేరే పనేం లేదు.
మెలకువగా ఉన్నానని చెప్పడానికే
బ్యాటరీలో సగం తాగేస్తోంది.

పదకొండేళ్ళ నైట్‌షిఫ్టులు నావి.
నేనేం అనలేదు.
డెరెక్ కూడా ఏం అనలేదు,
ఇనుము మొన తాకించి
దీపాన్ని ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు.
వోల్టేజీ రెగ్యులేటర్నీ పీకేశాడు.
"మూడు బ్యాటరీలు నేరుగా పెట్టు. ఇక పడుకుంటుంది."

ఆ చిప్ లోపల కాపలా కుక్క అనే గడియారం ఒకటుంది.
ఎనిమిది సెకన్లకోసారి లేపుతుంది.
లేచి, రెండు తీగల మధ్య తడి ఉందా అని తడిమి,
లేదనుకుని, అటు తిరిగి పడుకుంటుంది.
ఎంత హాయి!
లేవడం రాక కాదు, లేచి ఉండక్కర్లేకపోవడం.

మెట్ల కింద మేకు కొట్టి తగిలించాను.
అంతే, వాన మానేసింది.
జూన్ పోయింది. జూలై పోయింది.
ఈ లోయలో మబ్బు కోసం మెడ సాచింది
బహుశా నేనొక్కదాన్నే.
కొత్త చెప్పులు కొన్నవాడికి ఎటూ ప్రయాణం లేనట్టు.

నిన్న తెల్లారి డ్యూటీ దిగి వచ్చి
యూనిఫాం కూడా మార్చకుండా కిందికి వెళ్ళి
తీగల మీద చెంబుడు నీళ్ళు పోశాను.
ఒకటి, రెండు, మూడు... ఆరు దగ్గర
కీచుమంది, పాడు పిల్ల,
ఇల్లెగిరిపోయేలా.
చీరపేలికతో తుడిచేలోపే
అవతలి గోడ మీద రెండు దెబ్బలు, పిడికిలితో.

చెయ్యి తుడుచుకుని
నేనూ రెండు కొట్టాను.